కెమెరా కొన్న తమ్మునికి అడక్కుండా ఇస్తున్న సలహాలు

తమ్ముడూ, కెమెరా కొన్నావని విన్నాను. సంతోషం. డబ్బా విప్పకముందే వాట్సాప్ స్టేటస్ పెట్టావట, అది ఇంకా సంతోషం. ఈ వృత్తిలో మొదటి మెట్టు అదే. రెండోది స్టూడియో పేరు. గద్వాలలో గానీ, వనపర్తిలో గానీ, నాగర్‌కర్నూల్‌లో గానీ బోర్డు చదివిన మనిషికి లోపల ఏం అమ్ముతారో అర్థం కాకూడదు. ఊరి దేవుడి పేరో, అమ్మ పేరో పెట్టుకుని కింద 'ఫొటో స్టూడియో' అని రాసుకునే కాలం పోయింది. 'ఫిల్మ్స్', 'స్టోరీస్', 'క్రియేషన్స్', ఈ మూడింట్లో కనీసం రెండు ఉండాలి. పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు తీస్తామని మాత్రం ఎక్కడా రాయకు. పింఛను కాగితానికి ఫొటో కావాలని వచ్చిన అవ్వను "మేం లగ్గాలే తీస్తమవ్వా" అని గడప దగ్గర నుంచే పంపించు. ఆమెకు ఎంతమంది మనుమరాళ్లున్నారో, వాళ్లలో ఎవరికి ఈ మాఘంలో సంబంధం ఖాయమైందో నీకెందుకు?

ఇక అప్పు. కెమెరా బాడీ కాస్త తక్కువదైనా ఫరవాలేదు గానీ మంచి లెన్సు, రెండు ఫ్లాష్‌లు, అదనపు బ్యాటరీలు ఉండాలనేవాళ్లు పిరికివాళ్లు. నువ్వు దుకాణంలో అన్నిటికన్నా పై అరలో ఉన్న బాడీని కిస్తీల మీద తెచ్చుకో. లెన్సు డబ్బాతో పాటు వచ్చిందే చాలు. కిస్తీ కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు పక్కన పంచాంగం ఉంచుకోకు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం నెలల్లో మన దిక్కు లగ్గాలుండవు. అవి గాక గురువో శుక్రుడో సూర్యుడికి దగ్గరగా పోయి కనపడకపోతే మూఢమి. 2024లో ఆ మూఢమి సరిగ్గా మే, జూన్ నెలల మీద వచ్చి పడింది. ఎండాకాలం సీజనంతా ఫంక్షన్ హాళ్లు ఖాళీ, బ్యాండు మేళం ఇంట్లో, వంటమాస్టర్లు చెట్టుకింద. ఫైనాన్సు కంపెనీకి మాత్రం ఏ గ్రహమూ అస్తమించలేదు. ఏడాదిలో పని దొరికే నెలలెన్నో లెక్కేసి, పన్నెండు కిస్తీలను వాటి మీద పంచి చూసుకునేవాడు గుమాస్తా అవుతాడు గానీ కళాకారుడు కాడు.

అట్లాగే షట్టర్ లెక్క కూడా వెయ్యకు. చాలా మోడళ్లకు లక్ష నుంచి రెండు లక్షల క్లిక్కుల దాకా పరీక్షించామని కంపెనీలే రాస్తాయి. లక్షన్నర అనుకుందాం. లగ్గానికి మూడు వేలు నొక్కితే యాభై లగ్గాలకు దాని ఆయుష్షు దగ్గరపడుతుంది. ఈ సంగతి తెలిస్తే రేటు చెప్పేటప్పుడు కెమెరా అరుగుదల కూడా కలపాలనే దుర్బుద్ధి పుడుతుంది.

రేటు చెప్పే పద్ధతి వేరే ఉంది. ఎదురు స్టూడియో ఎంత చెప్పిందో అడుగు. అందులో సగం చెప్పు. "ఆల్బం ఎన్ని షీట్లు? క్రేన్ ఉంటదా? ఎల్ఈడీ స్క్రీన్?" అని పెళ్లివారు అడుగుతారు. అన్నిటికీ ఒకటే జవాబు, "అన్నీ అండ్లనే అన్నా." క్రేన్ కర్నూలు నుంచి అద్దెకు రావాలా, మహబూబ్‌నగర్ నుంచా, దాని బాడుగ మొత్తం నువ్వు ఒప్పుకున్న రేటు కన్నా ఎక్కువా అన్నది బారాత్ నాటి రాత్రి తేలుతుంది. అప్పటిదాకా ఊరంతా నిన్ను మంచోడంటుంది. కాగితం మీద మాత్రం ఏమీ రాయకు. మైలపోలు తీయాలా, రిసెప్షన్ మన లెక్కలోదేనా, వ్రతానికి కూడా రావాలా, అర్ధరాత్రి దాటితే ఎట్లా, అడ్వాన్సు ఎంత, ఆల్బం ఎన్నాళ్లకు, ఇవన్నీ రాసుకుని ఇద్దరూ సంతకాలు పెడితే తర్వాత కొట్లాడుకోవడానికి ఏం మిగులుతుంది? మనది పెద్దమనుషుల మాట మీద నడిచే నేల.

లగ్గం రోజుకు వద్దాం. ముందురోజు హాలు చూడటానికి పోవద్దు. పోతే మండపం వెనుక ఊదారంగు లైట్లు పెట్టారని, స్టేజీ మీద ఎల్ఈడీ తెర ఉందని, సీలింగు ఎత్తెంతో తెలిసిపోతుంది. తెలిస్తే ఆలోచన మొదలవుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది. చౌకరకం లైట్లు దాని మీద సెకనుకు వందసార్లు మినుకుతాయి. కంటికి కనపడదు గానీ షట్టర్ వేగం కుదరకపోతే ఫొటోలో అడ్డంగా నల్లచారలు పడతాయి. షట్టర్‌ను యాభైకో వందకో తెచ్చుకుని రెండు ఫొటోలు తీసి చూస్తే ముందురోజే తేలిపోయే పని. ఆ రెండు ఫొటోలు తీయకు. పల్లెలో ఇంటిముందు టెంటు కింద లగ్గమైతే మరీ మంచిది. ఎర్ర బట్ట టెంటు కింద ఫ్లాష్‌ను పైకి తిప్పి కొట్టు. వెలుతురు ఆ ఎరుపునంతా మోసుకొచ్చి అందరి ముఖాల మీదా పోస్తుంది. పెళ్లికొడుకు సిగ్గుపడ్డాడని చెప్పుకోవచ్చు.

ఇంటి పెద్దను పక్కకు పిలిచి, మేనమామ ఎవరు, మేనత్త ఎవరు, ఎవరెవరికి మాటల్లేవు, ఎవరిని ఎవరి పక్కన నిలబెట్టకూడదు అని అడిగి తెలుసుకునేవాళ్లు కొందరుంటారు. అది సీఐడీల పని. మనకు పెళ్లికూతురి చెవికమ్మ ముఖ్యం. ఆ తర్వాత చెప్పులు, మెహెందీ, తమలపాకు మీద పెట్టిన లగ్గం పత్రిక, కాఫీ కప్పులో ఉంగరం. ఒక్కోదానికి పావుగంట కేటాయించు. వెనుకున్నదంతా పాలనురగలా మసకబారాలి. ఆ మసకలో చెయ్యి ఊపుతున్నది పిల్ల నాన్నే అయినా పట్టించుకోకు.

సుముహూర్తం అంటే పుస్తె కట్టే ఘడియ అనుకోవడం మన వృత్తిలో చాలామందికి మొదటి సీజన్లో కలిగే నమ్మకం. నువ్వూ దాన్ని గట్టిగా పట్టుకో. పంతులు పంచాంగం చూసి గంటలు, నిమిషాలతో సహా రాసిచ్చింది జీలకర్ర బెల్లం తలల మీద పెట్టే ఘడియను. మధ్యలో తెర పట్టి, మేళం ఒక్కసారి పెరిగి, ఇద్దరి చేతులూ ఒకేసారి లేచి, తెర దిగి, ఒకరినొకరు చూసుకునే సమయం అది. మొత్తం కలిపి కొద్ది సెకన్లు. పుస్తె కట్టడానికి ఇంకా చాలా టైముంది కదా, సరిగ్గా అప్పుడే అసిస్టెంట్లనందరినీ తీసుకుని భోజనానికి పో. బగారా అన్నం వేడిగా ఉంటుంది.

తిరిగి వచ్చాక పుస్తెకు మాత్రం లోటు చేయొద్దు. నువ్వు, నీ వీడియో మనిషి, క్యాండిడ్ మనిషి, లైటు పట్టుకున్న పిలగాడు, అందరూ మండపం ఎక్కి జనానికి వీపు చూపించి గోడలా నిలబడండి. వనపర్తి నుంచి, కొల్లాపూర్ నుంచి, బస్సులు మారి వచ్చిన బంధువులు మీ చొక్కాల మీద స్టూడియో పేరు తీరిగ్గా చదువుకుంటారు. అంతకన్నా ప్రచారం ఏముంటుంది? మొదటి ముడి ఫోకస్ కాకపోతే "అయ్యగారూ, ఒక్కసారి ఆగుండ్రి" అని కేకేసి మళ్లీ వెయ్యమను. మూడుకు బదులు నాలుగైతే సంసారం ఇంకా గట్టిగా ఉంటుంది. కార్డు నిండిపోయిందని అప్పుడే గుర్తొస్తే నిదానంగా మార్చుకో. తలంబ్రాలకు అందుకోవచ్చు.

ఆ తర్వాత స్టేజీ మీద లైను. కట్నం చదివించి, కవరు చేతిలో పెట్టి, జంట పక్కన నిలబడ్డ ప్రతి మనిషినీ ఒక్క ఫొటో తీయాలనేది పాతకాలపు వాళ్ల చాదస్తం. అందులో కళ ఏముంది? ఆ లైను మొత్తం అసిస్టెంటుకు అప్పగించి నువ్వు బయట పూలదండల నీడలు తీసుకో. రేపు ఆల్బం చూసి "మా చిన్నాయనది ఒక్కటీ లేదు, మేం ఇంత చదివిస్తిమి" అని వియ్యాలవారింట మాట వస్తే అది వాళ్ల ఇంటి వ్యవహారం.

ముసలివాళ్ల సంగతి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. మంచి మనసున్న కొత్త ఫొటోగ్రాఫర్లు ఇక్కడే దెబ్బతింటున్నారు.

తాత ఎక్కడుంటాడో నీకు తెలుసు. హాలులో ఓ మూల, కూలరు పక్కన, ప్లాస్టిక్ కుర్చీలో ఉంటాడు. కొత్త ధోతి, కొత్త తువ్వాలు. గడ్డం తెల్లారుజామునే గీయించుకున్నాడు. ఇంతమంది జనంలో కెమెరా తన వైపు ఎప్పుడు తిరుగుతుందా అని చూస్తున్నది ఆయనొక్కడే, నీ వైపు చూడకుండా చూస్తున్నాడు. ఆయన దగ్గరికి పోకు. పోయావనుకో, కుర్చీని కిటికీ వైపు ఒక్క గజం జరుపుతావు. వెనుక ఖాళీ గోడ వచ్చేటట్టు చూసుకుంటావు. 85 ఎంఎం లెన్సు పెట్టుకుని కాస్త దూరంగా నిలబడతావు, దగ్గరికి పోయి 18 ఎంఎంతో తీస్తే ముక్కు ముందుకొచ్చి చెవులు వెనక్కి పోతాయని నీకు ఎవరో చెప్పే ఉంటారు. "తాతా, ఎన్నెకరాలు పెట్టినవ్ ఈసారి?" అంటావు. ఆయన నోరు తెరిచేలోపు కళ్లల్లోకి వెలుతురు వస్తుంది. నొక్కుతావు. రెండు నిమిషాల పని.

ఆ రెండు నిమిషాలతో నీకు రావాల్సిన రెండో బేరం మునిగిపోయింది. ఎట్లాగో విను. కొన్నేళ్లకు తాత పోతాడు. మూడో నాడు కొడుకు స్టూడియోకు వస్తాడు. పెద్దకర్మ నాటికి పటం కావాలి, దండ వేసి బొట్టు పెట్టేంత పెద్దది. చేతిలో ఆధార్ కార్డు ఉంటుంది. ఆ కార్డు మీది ఫొటో బొటనవేలంత. మీసేవలో ఎవరో అడ్డంగా లైటు కొట్టి తీసింది, ముఖంలో భయం తప్ప ఏమీ లేదు. దాన్ని గోడంత చేయమంటాడు. కాదని, లగ్గం ఫొటోలు తెరుస్తావు. మూడు వేల ఫొటోల్లో తాత ఒక్కచోట దొరుకుతాడు, డీజే ముందు ఆడుతున్న పిలగాళ్ల భుజాల సందున సగం ముఖంతో. ఆ సగాన్ని తిప్పి అతికించి రెండో సగం చేస్తావు. రెండు చెవులూ ఒకే చెవి అవుతాయి. జీవితంలో కోటు వేసుకోని మనిషికి నీలం కోటు, ఎర్ర టై తొడుగుతావు. వెనుక మబ్బులు పెడతావు. ల్యామినేషన్‌తో కలిపి లగ్గం ఆల్బంలో మిగలని పైసలు ఇందులో మిగులుతాయి. అదే ఆనాడు ఆ రెండు నిమిషాలు పెట్టి ఉంటే కొడుకు ఆల్బం పట్టుకుని వచ్చి, "అన్నా, గిదే పెద్దగ చెయ్యి" అని ప్రింటు పైసలిచ్చి పోయేవాడు. అవ్వ ఆ కోటు మనిషిని చూసి "ఎవల్రా ఈయన?" అని అడిగితే, వయసు మీద పడిందంటారులే.

పాలమూరు ఇండ్లల్లో ఇంకో చిక్కుంది. ఒకడు ముంబైలో, ఒకడు పుణెలో, మరిది భివండిలో, ఆడపిల్ల అత్తవారింట రాయచూరు దిక్కున ఉంటారు. తరాలుగా కూలికి, మేస్త్రీ పనికి, మట్టి పనికి పోయే కుటుంబాలు. అందరూ ఒక కప్పు కింద ఉండేది లగ్గానికే, అదీ రెండు రోజులు. ఉపవాసాలు, అలకలు, నీళ్ల ట్యాంకరు గొడవల మధ్య వాళ్లందరినీ మూడు వరుసల్లో నిలబెట్టి, పొట్టివాళ్లను ముందుకు తెచ్చి, చంటిపిల్లను ఏడవకుండా చూసి ఒక్క గ్రూపు ఫొటో తీయాలంటే పావుగంట పడుతుంది. ఆ పావుగంటలో డ్రోన్ రెండుసార్లు ఎగరెయ్యొచ్చు. పైనుంచి తీస్తే అందరి తలలూ వస్తాయి. ఎవరి తల ఎవరిదో వాళ్లే గుర్తుపట్టుకుంటారు.

ఆడవాళ్లను పనిలో పెట్టుకోకు. ముస్లింల ఇంట నిఖా అయితే ఆడవాళ్ల వైపు నిన్ను రానివ్వరు. సగం పెళ్లి అక్కడే జరుగుతుంటుంది. ఆ సగాన్ని పెళ్లికూతురి చెల్లెలి సెల్‌ఫోన్‌కు వదిలెయ్యి. మనవాళ్ల ఇండ్లల్లోనూ నలుగు పెట్టేటప్పుడు, చీర కట్టేటప్పుడు గదిలోకి మగ ఫొటోగ్రాఫర్ తల పెట్టగానే నవ్వులు ఆగిపోతాయి. ఆగిపోయిన నవ్వులనే తియ్యి, క్యాండిడ్ అని పేరు పెట్టు. రాజా దీన్‌దయాళ్ అని ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ ఒకాయన ఉండేవాడు. పీడబ్ల్యూడీ ఉద్యోగం నుంచి ఈ పనిలోకి వచ్చాడు. ఆయన ఈ చిక్కును ఊహించి 1892లోనే హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసం జనానా స్టూడియో తెరిచాడు. తీసేవాళ్లు కూడా ఆడవాళ్లే ఉండాలని కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషు ఆమెను పెట్టాడు. నూటముప్పై ఏళ్లు దాటింది. ఇన్నాళ్ల తర్వాత కూడా మన మూడు ఊళ్లల్లో ఆ ఆలోచన ఎవరికీ పెద్దగా రాలేదంటే అది ఎంత పనికిరానిదో చూడు. డిగ్రీ చదివి, ఫోన్లో నీకన్నా బాగా ఫ్రేమ్ పెట్టే ఆడపిల్ల నీ వీధిలోనే ఉంటే, ఆమెను రిసెప్షన్ కౌంటర్‌లో కూచోబెట్టు. ఫ్లెక్సీకి పనికొస్తుంది.

ప్రీ వెడ్డింగ్ అనేది ఇప్పుడు అసలు లగ్గం కన్నా పెద్దది. దానికి మన దగ్గర ఉన్నన్ని చోట్లు హైదరాబాద్ వాళ్లకు కూడా లేవు. వాళ్లే ఇక్కడికొస్తున్నారు. గద్వాల కోట ఉంది. మే నెలలో, మిట్టమధ్యాహ్నం పన్నెండుకు తీసుకుపో. ఆ ఎండలో కనుబొమ్మల కింద రెండు నల్లగుంతలు పడతాయి, దాన్ని డ్రామా అంటారు. లోపల చెన్నకేశవస్వామి గుడికి వచ్చే భక్తులు, డిగ్రీ కాలేజీ పిల్లలు ఉంటారు. "జరుగుండ్రి, షూటింగ్" అని అరుస్తూ తిరుగు. వనపర్తి రాజావారి కోటలో పాలిటెక్నిక్ నడుస్తోంది. అక్కడ పరీక్షల టైము చూసుకుని పొగబాంబులు కాల్చు. శ్రీరంగాపురంలో చెరువు ఒడ్డున రంగనాయకస్వామి గోపురం ఉంది. గాలి లేని తెల్లవారుజామున నీళ్లలో గోపురం మొత్తం పడుతుంది. అందుకే పదకొండు దాటాక పో, అలలు లేచి ఏమీ కనపడదు, నీ జంటే కనపడుతుంది. సోమశిలలో శ్రీశైలం వెనకనీళ్లు వానాకాలం తర్వాత నిండుగా ఉంటాయి, ఎండాకాలం వెనక్కి పోతాయి. అవతల ఒడ్డున సంగమేశ్వరం గుడి అప్పుడే నీళ్లల్లోంచి పైకి తేలుతుంది. ఏ నెలలో ఏముంటుందో అడక్కుండా, అడ్వాన్సు తీసుకుని, తెల్ల గౌను అద్దెకు తెచ్చి బండి కట్టించు. బురదలో మోకాళ్ల దాకా దిగిన పెళ్లికూతురి హావభావాలను ఏ నటీ చేయలేదు. తెప్ప ఎక్కించేటప్పుడు లైఫ్ జాకెట్లు ఫొటోలో బాగుండవు, తీసేయించు అని కూడా చెప్పబోయాను. ఇది మాత్రం వెటకారానికి కూడా చెప్పలేను. జాకెట్ వెయ్యించు తమ్ముడూ, ఒడ్డున నిలబెట్టి తియ్యి.

ఆలంపూర్ నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యుల నాటివి, పదమూడు వందల ఏళ్లు నిలబడ్డ రాళ్లు, పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. స్టాండ్లు, లైట్లు పెట్టి షూటింగ్ చెయ్యాలంటే ముందుగా అనుమతి అడగాలి. అడక్కుండా పోయి, కాపలా మనిషితో జంట ముందు గొడవపడు. ఆ వీడియోను మేకింగ్ అని పెట్టుకోవచ్చు. ఒక శిల్పం మీదికి పెళ్లికొడుకును ఎక్కించు, ఆ రాయి చాళుక్యుల కాలం నుంచి ఇతని కోసమే ఎదురుచూస్తున్నట్టుంటుంది.

డ్రోన్‌కు చట్టం ఒకటుందని పుకారు. పుకారేం కాదు, 2021 డ్రోన్ నిబంధనలు. డ్రోన్‌కు నమోదు నంబరుండాలి. 250 గ్రాములు దాటినదాన్ని పైసలు తీసుకుని ఎగరేస్తే పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. ఎక్కడ ఎగరెయ్యొచ్చో, ఎక్కడ కూడదో మ్యాపులో రంగులు వేసి చూపిస్తారు. నీకు రంగుల మీద మక్కువ అని తెలుసు గానీ ఆ మ్యాపు మాత్రం చూడకు. అచ్చంపేట దాటి అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి పోయి, మల్లెలతీర్థం దగ్గర డ్రోన్ లేపు. ఫారెస్టు వాళ్లు నీ పేరు, తండ్రి పేరు, ఊరు అన్నీ శ్రద్ధగా రాసుకుంటారు. మన గురించి అంత శ్రద్ధ తీసుకునేవాళ్లు ఈ కాలంలో ఎవరున్నారు?

నల్లమల దాకా వచ్చావు కాబట్టి చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర కూడా చూసుకో. చెంచుల ముఖాలు కనిపిస్తాయి. అడక్కుండా తియ్యి. పేరు అడక్కు. ఫొటో చూపించకు, ప్రింటు ఇస్తానని మాటిచ్చి మరిచిపో. కింద 'అడవితల్లి చిరునవ్వు' అని రాసి పోటీకి పంపు. ఆ ముసలమ్మ నవ్వలేదు, ఎండకు కళ్లు చికిలించింది అని జడ్జీలకు తెలియదు. బతుకమ్మను, పల్లె ఇండ్ల తలుపులను, గోడలను ఏళ్ల తరబడి తిరిగి తీసిన భరత్ భూషణ్ లాంటి మనిషి 2022లో పోయాడు. ఏళ్ల తరబడి ఒక్కదాని వెంబడే తిరగడం అంటే ఎంత దండగ. నీకు ఒక్క ఆదివారం చాలు.

ఫొటోలు ఇంటికి తెచ్చాక అసలు పని. తెల్లగా చెయ్యి. పెళ్లికూతురికి, పెళ్లికొడుకుకు, పంతులుకు, బ్యాండు మేళానికి, వరుసగా అందరికీ సున్నం వెయ్యి. మన నేల మీద పగలంతా పత్తి చేలల్లో తిరిగే మనుషులకు ఎండిచ్చిన రంగు ఒకటుంటుంది. దాన్ని ఉన్నట్టు పట్టుకోవడానికి ఎక్స్‌పోజర్ తెలియాలి. మౌసు జరపడం తేలిక. తల్లి వచ్చి "మా బిడ్డనేనా?" అంటే సినిమా హీరోయిన్‌లా ఉంది కదమ్మా అను. చర్మాన్ని నున్నగా చేసే సాధనాన్ని మెడ దగ్గర ఆపకుండా చీర మీదికి కూడా లాగు. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ నూలును, ఈ పట్టును మగ్గం మీదే పోగుపోగు కలిపి ముడివేస్తారు. ఆ కలిసిన గీత దగ్గరే నేతగాడి పనితనమంతా. నీ ఒక్క లాగుతో ఆ గీత పోతుంది. జరీ మిగిలిందా? ఎదురుగా ఫ్లాష్ కొట్టి ఉంటే అది అప్పుడే తెల్లగా కాలిపోయి ఉంటుంది. గద్వాల పెళ్లికూతురు గద్వాల చీరలో ఉందని కనిపెట్టడం చూసేవాళ్లకు పరీక్షగా వదిలెయ్యి.

కార్డు ఒక్కటే వాడు. రెండు కార్డుల కెమెరా అయితే రెండో గదిని ఖాళీగా ఉంచు, గాలి ఆడుతుంది. ఇంటికి రాగానే ల్యాప్‌టాప్‌లోకి కాపీ అయిందో లేదో తెరిచి చూడకుండా కార్డు ఫార్మాట్ చెయ్యి, రేపు ఇంకో లగ్గముంది. మూడు ప్రతులు ఉంచు, రెండు రకాల వాటిలో ఉంచు, ఒకటి వేరే ఇంట్లో పెట్టు అని ఓ పాత నియమం ఉంది. అన్ని లగ్గాలూ ఒకే హార్డ్‌డిస్కులో వేసి, దాన్ని పిల్లలకు అందేంత ఎత్తులో బీరువా మీద ఉంచు.

బాగా వచ్చిన ఫొటోను పెద్ద ఫ్లెక్సీ చేసి పాత బస్టాండు దగ్గర కట్టు. పెళ్లివారిని అడక్కు. 1957 కాపీరైటు చట్టం 17వ సెక్షను ప్రకారం, ఒకరు పైసలిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. ఒప్పందం రాసుకోవద్దని పైనే చెప్పాను కదా, రెండు సలహాలూ ఎంత చక్కగా కలిశాయో చూడు. విడాకులకు పోయిన జంట ఫ్లెక్సీ అయితే ఇంకా ఎక్కువమంది నిలబడి చూస్తారు.

ఆగస్టు 19న ఫొటోగ్రఫీ దినోత్సవం. 1839లో ఆ రోజునే డాగుర్ కనిపెట్టిన పద్ధతిని పారిస్‌లో ప్రపంచానికి వెల్లడించారు. మన మండలాల్లో సంఘం వాళ్లు ఆయన పటానికి దండవేసి, ఆసుపత్రిలో పండ్లు పంచుతారు. పటం దగ్గర సెల్ఫీ దిగి వచ్చెయ్యి. ఆ తర్వాత సభ్యులు కూచుని రేట్ల గురించి, ఒకరి కెమెరా చెడితే ఇంకొకరు ఆదుకోవడం గురించి, చనిపోయిన తోటివాడి ఇంటికి ఏం చేద్దామని మాట్లాడుకుంటారు. అవి వింటే సగం రేటు చెప్పే ధైర్యం సడలిపోతుంది.

చివరికి మిగిలేది బాకీ. గద్వాల దిక్కు "సీడు పైసలు పడినంక" అంటారు. పత్తి విత్తనం కంపెనీలకు పోయి, వాళ్లు లెక్క చూసి, ఆర్గనైజర్ చేతికిచ్చి, అక్కడి నుంచి రైతుకు వచ్చేసరికి ఇంకో పంట వేసి ఉంటారు. వనపర్తి దిక్కు పల్లీలు అమ్మినంక. కొల్లాపూర్ దిక్కు మామిడి తోట లెక్క తేలినంక. ఏ ఊరికి ఏ నెలలో పైసలు చేతికొస్తాయో రాసుకుని, ఆ నెలకు వాయిదా పెట్టి, అడ్వాన్సు ఖర్చులకు సరిపడా ముందే తీసుకునేవాళ్లను చూసి నవ్వు. నువ్వు లగ్గమైన మర్నాడే మూడు వేల ఫొటోలూ పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చెయ్యి, ఏరి పెట్టకుండా, "మీరే సెలెక్ట్ చేసుకోండన్నా, ఆల్బం కొడదాం" అని. వాళ్లు వాటిని టీవీకి పెట్టి ఒక రాత్రి చూస్తారు, తర్వాత ఎవరూ సెలెక్ట్ చెయ్యరు. సెలెక్ట్ చెయ్యలేదు కాబట్టి నువ్వు ఆల్బం కొట్టవు, ఆల్బం రాలేదు కాబట్టి వాళ్లు బాకీ ఇవ్వరు. రెండువైపులా మాట నిలబడింది. పాపకు ఇరవై ఒకటో రోజు చేస్తున్నామని ఆ ఇంటినుంచి మళ్లీ ఫోను వచ్చేనాటికి కూడా లగ్గం ఆల్బం ప్రింటు కాకపోతే, రెండూ కలిపి ఒకే ఆల్బంలో వేసిస్తానని చెప్పు. అట్ట ఖర్చు మిగులుతుంది.